సమ ప్రకృతి గురువుగారు

గురువుగారు పోయారని మస్తాన్ ఫోన్ చేశాడు. ఎవరు పోయారన్నా అలవాటుగా నోటికి 'అయ్యో' వస్తుంది. నాకు అది కూడా రాలేదు.

"దేంతో పోయాడు?" అన్నాను.

"గుండెపోటంట అన్నా. టిఫిన్ తింటా తింటానే ఒరిగిపోయాడంట. ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయిందంట."

ఎవరి టిఫిన్ అని అడగబోయి, చావు కబురు చెబుతున్న మనిషితో వేళాకోళం బాగుండదని ఊరుకున్నాను. కానీ నాకు మొదట తట్టిన ప్రశ్న అదే. అది ఎందుకు తట్టిందో తెలియాలంటే ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి. పోయినంత మాత్రాన మనిషి గొప్పవాడైపోడు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను. పేరు మాత్రం రాయను. ఆయన ఇంట్లోవాళ్ళు మర్యాదస్తులు, వాళ్ళ జోలికి పోవడం నాకిష్టం లేదు.

గురువుగారంటే నాకు అక్షరం ముక్క నేర్పినవాడు కాదు. తెనాలిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసేవాడు. ఉండేది మా రేపల్లెలోనే. నేను తెనాలిలో కాలవల ఆఫీసు గుమాస్తాని. మస్తాన్‌ది తెనాలి మార్కెట్లో నిమ్మకాయల వ్యాపారం. పొద్దున ప్యాసింజర్లో మేం ముగ్గురం, ఇంకో అరడజనుమంది సీజన్ టికెట్ల వాళ్ళం ఒకే పెట్టెలో, ఒకేచోట కూర్చునేవాళ్ళం. రేపల్లెలో బండి కదలడం, ఆయన ఆయుర్వేదం మొదలవడం రెండూ ఒకేసారి జరిగేవి.

వాతం, పిత్తం, కఫం అని మూడు. ఎవరి ఒంట్లో అవి ఏ పాళ్ళలో కలిసి ఉంటే అది వాళ్ళ ప్రకృతి. తల్లి కడుపులో పడ్డప్పుడే ఆ పాళ్ళు నిర్ణయమైపోతాయి. శాస్త్రం చెప్పేది ఇదే, శాస్త్రంతో నాకు తగువు లేదు. నా తగువల్లా ఈ మూడు ముక్కలు నేర్చుకుని ఆయన రైల్లో మనుషుల మీద పడ్డ తీరుతోనే.

"చెయ్యి ఇటివ్వు" అనేవాడు. నాడి చూసేవాడు మణికట్టు పట్టుకోవాలి కదా, ఈయన ముందు బొటనవేలు పట్టుకునేవాడు. జీవితమంతా దస్తావేజుల మీద జనం చేత వేలిముద్రలు వేయించి వేయించి వచ్చిన అలవాటు. బొటనవేలు బిగించి పట్టుకుని అటూ ఇటూ ఓ సారి దొర్లించి, అప్పుడు గుర్తొచ్చినట్టు చెయ్యి పైకి జరిపి మూడు వేళ్ళు ఆనించేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఆ బండి కుదుపుల్లో నాడి ఆయనకి దొరికేదో లేదో భగవంతుడికే తెలియాలి. తర్వాత నాలుక చాపమనేవాడు. "కలల్లో ఏం చేస్తావు? గాల్లో ఎగురుతావా? మంటలు కనపడతాయా? నీళ్ళు కనపడతాయా?" అని అడిగేవాడు. పల్లికోనలో చెయ్యి పట్టుకుంటే భట్టిప్రోలు వచ్చేసరికి తీర్పు అయిపోయేది.

"నీది పిత్తం. పుట్టినప్పుడే రిజిస్టరైపోయిందయ్యా. ఇక చచ్చేదాకా మారదు" అనేవాడు. ఆ మాట ఆయన నోట నేను ఎన్ని వందలసార్లు విన్నానో.

మా అందరికీ ఒక్కొక్కటి చొప్పున పంచిపెట్టిన ఆయన, తనకు మాత్రం ఎవరికీ దొరకనిది ఉంచుకున్నాడు. ఆయనది సమ ప్రకృతి. మూడూ సరిసమానం. కోటికి ఒక్కడు కూడా ఉండడట అలాంటివాడు. ఆ ఒక్కడూ రేపల్లె ప్యాసింజర్లో మా ఎదురుగా కూర్చుని, మోచేతి దాకా చొక్కా చేతులు మడిచి, గోళ్ళల్లో సిరా మరకలతో మా ఎంగిలి నాలుకలు పరీక్షించడం మా అదృష్టం.

సాయంత్రం తిరుగు బండికి తెనాలి స్టేషన్లో ఎవరో ఒకరు మిరపకాయ బజ్జీలు కొనేవాళ్ళు. పొట్లం విప్పగానే గురువుగారి చెయ్యి అడ్డం వచ్చేది. పిత్తం వాళ్ళకి మిరపకాయ పడదు. వాతం వాళ్ళకి శనగపిండి పడదు. కఫం వాళ్ళకి నూనె పడదు. అంటే ఆ పెట్టెలో ఉన్న ఎవ్వరికీ బజ్జీ పడదు. "నీకు పడదు, ఇటివ్వు" అని పొట్లం తన ఒళ్ళోకి లాక్కునేవాడు. సమ ప్రకృతి కాబట్టి ఆయనకి ఏదైనా పడుతుంది. మా ఆరోగ్యం కాపాడుతూ కాపాడుతూ జంపని దాటేసరికి పొట్లం ఖాళీ చేసి, ఒక్క త్రేనుపు త్రేన్చి, కాగితంతోనే మూతి తుడుచుకునేవాడు. పెరుగన్నం, జంతికలు, నేను ఆఫీసులో ఎవరో ఇస్తే దాచుకున్న సున్నుండలు, అన్నీ అలాగే పోయాయి.

కిటికీ పక్క సీటు కూడా ఆయనదే. కఫం వాళ్ళకి గాలి కొడితే జలుబు, పిత్తం వాళ్ళకి ఎండ కొడితే తలనొప్పి, వాతం వాళ్ళకి రెండూ పనికిరావు. ఇంత శాస్త్రం ఉండగా ఆయన కిటికీ దగ్గర కాక ఇంకెక్కడ కూర్చుంటాడు?

మస్తాన్ ఒక్కడే ఆయనకి లొంగలేదు. ఒకరోజు గురువుగారు అతని బొటనవేలు దొర్లించి, "నీది పచ్చి పిత్తం మస్తానూ. పులుపు నీకు విషం. నిమ్మకాయల దగ్గరికి కూడా పోకూడదు నువ్వు" అన్నాడు.

"నేను నిమ్మకాయల దగ్గరికి పోకపోతే నా పెళ్ళాం పిల్లలు అన్నం దగ్గరికి ఎట్టా పోతారండి గురువుగారూ?" అన్నాడు మస్తాన్.

పెట్టెంతా నవ్వింది. ఆ తర్వాత ఆయన చెయ్యి అడిగితే మస్తాన్, "నా చేతికి వేరే పనుందండి" అని గంప సర్దుకునేవాడు. మాలో చదువు తక్కువ వాడు అతనే. బుద్ధి ఉన్నవాడూ అతనే.

నేను లొంగాను. ఎందుకు లొంగానో కూడా చెప్పుకోవాలి. ఆయన ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకునేవాడు కాదు, మందులు అమ్మేవాడు కాదు. అందుకని మోసం కాదని నమ్మకం. రెండోది, నాది కఫ ప్రకృతి అన్నాడు. నిదానం, ఓర్పు, నిలకడ, తొందరపడని బుద్ధి, ఇవి దాని లక్షణాలన్నాడు. నా బద్ధకానికి అంత మంచి పేరు అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకుని మురిసిపోయాను.

ఆయన పాండిత్యమంతా ఒక పుస్తకంలోది. దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఒకసారి ఆయన కునుకు తీస్తుంటే సంచిలోంచి జారి కిందపడితే తీసి చూశాను. ముందు అట్ట లేదు, పర్వాలేదు. వెనక సగం పుస్తకమే లేదు. ప్రకృతుల గురించి చివరి పేజీ, ఆ తర్వాత తెగిన దారం వేలాడుతోంది. ఆయన లేచాక నేను ఆ మాట అంటే, "పాత పుస్తకాల కొట్లో అంతే దొరికింది. అసలు విషయమంతా ముందే ఉందిలే" అన్నాడు. ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాడు, సగం కాగితాలు లేని దస్తావేజు తెచ్చి ఎవరైనా చూపిస్తే నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడు, సగం పుస్తకంతో మనుషుల ఒళ్ళు చదివేవాడు. నేను పుస్తకం సంచిలో పెట్టాను.

ఇక మా ఆవిడ సంగతి.

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. మా వీధిలోనే కాదు, పక్కనున్న నగరం అనే ఊరి నుంచి కూడా బస్సెక్కి వచ్చి కుట్టించుకునేవాళ్ళు. నిండైన మనిషి. నవ్వితే బుగ్గలు కళ్ళని మూసేసేవి. తలగడ మీద తల పెడితే తెల్లారే లేచేది. అలాంటిది ఏడాది తిరిగేసరికి సగమైంది. తినేది బాగానే తింటోంది, ఒంటికి పట్టడం లేదు. రోజుకి నాలుగైదుసార్లు విరేచనం. నిద్ర లేదు. ఊరికే కన్నీళ్ళు. సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణుకుతోంది. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడే ఒకరోజు తెనాలిలో మా బంధువుల పెళ్ళికి ఇద్దరం అదే ప్యాసింజర్లో బయల్దేరాం. గురువుగారు ఆమెని చూడగానే, "అమ్మాయ్, చెయ్యి ఇటివ్వు" అన్నాడు. ఆమె నా వంక చూసింది. ఇవ్వమని నేనే అన్నాను.

బొటనవేలు దొర్లించడం అయింది, కళ్ళు మూయడం అయింది. తర్వాత ఆయన మాట్లాడింది ఆమెతో కాదు, నాతో.

"చూడు. సన్నటి ఒళ్ళు. ఎముకలు తేలినయ్. వేళ్ళు వణుకుతున్నయ్. చూపు ఒకచోట నిలవదు. నిద్రుండదు. అవునా?"

"అవునండి" అంది ఆమె. "గుండె దడదడలాడతా ఉంటదండి. ఒళ్ళంతా వేడండి, చలికాలం కూడా ఫ్యానుండాల్సిందే."

గురువుగారు ఒక్క క్షణం ఆగాడు. వాతం వాళ్ళు చలికి ముడుచుకుపోతారని మాకందరికీ వంద సార్లు చెప్పినవాడు ఆయనే. వాతం వాళ్ళకి మలబద్ధకం ఉంటుందని చెప్పిందీ ఆయనే, ఈమెకి విరేచనాలని నాకు తెలుసు.

"కొంచెం పిత్తం తోడుందిలే" అన్నాడు. "అసలైంది మాత్రం వాతం. పక్కా వాత ప్రకృతి."

"అది కాదండి, ఇదివరకు నేను ఇట్టా..."

"చూశావా?" అని ఆయన ఆమె మాట తుంచేసి నా తొడ మీద చరిచాడు. "మాట ఆగదు. భయం, అనుమానం, ఏడుపు, నిలకడ లేకపోవడం, అన్నీ వాత లక్షణాలే. నువ్వు కంగారుపడి ఆసుపత్రుల చుట్టూ తిప్పబాక. పుట్టుకతో వచ్చిందానికి మందేంటయ్యా? నువ్వుల నూనె తలకి పెట్టించు. నెయ్యి తినమను. చెప్పేవన్నీ పట్టించుకోబాక."

ఎప్పటినుంచి ఇలా ఉంది అని ఆయన అడగలేదు. అడగాలని ఆయన సగం పుస్తకంలో లేదు కాబోలు. ఆయన ఆమెని చూడటం అదే మొదలు. ఏడాది కిందటి మనిషిని చూసినవాణ్ణి ఆ పెట్టెలో నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు. పైగా, ఆసుపత్రుల చుట్టూ తిరగక్కర్లేదన్న మాట నాకు ఎంతో హాయిగా వినపడింది. వేమూరులో బండి ఆగితే దిగి అందరికీ టీలు తెచ్చాను. గురువుగారు రెండు తాగాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వాతం అన్నది ఒక జవాబు అయిపోయింది. గుండె దడగా ఉందంటే వాతం. ఏడిస్తే వాతం. నేను ఆలస్యంగా వచ్చినందుకు ఒక మాటంటే అదీ వాతమే. మా అమ్మాయి కూడా నేర్చుకుంది, "అమ్మకి వాతం వచ్చింది" అని నవ్వేది. ఒకసారి ఆమె, "ఏమండీ, నాకేదో జబ్బండి, ఎవరికన్నా చూపించండి" అంటే, "నీ ఒళ్ళే అంత. గురువుగారు చెప్పారు కదా" అన్నాను. కుట్టిన కుట్లు వంకర పోతున్నాయని జనం రావడం తగ్గింది. చివరికి మిషను మీద దుప్పటి కప్పేసింది. అలా మూడేళ్ళు.

బాపట్లలో మా వదినగారు ఉంటారు, మా ఆవిడకి అక్క. ఆవిడ మోకాళ్ళ నొప్పులకి అక్కడే ఒక ఆయుర్వేదం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేవారు. చిన్నపిల్ల, కాలేజీలో ఆ చదువే చదువుకుని వచ్చినమ్మాయి. మేం ఒకసారి వాళ్ళింటికి వెళ్తే, చెల్లెలు వచ్చింది కదా అని తోడు తీసుకెళ్ళారు. నేను వెనక కూర్చున్నాను.

ఆ అమ్మాయి వదినగారి మోకాళ్ళు చూస్తూ చూస్తూ మా ఆవిడ వంక తిరిగింది. "మీరు ఎప్పటినుంచి ఇలా ఉన్నారండి?" అంది.

ఆ ఒక్క ప్రశ్న. దాని కోసం మేం రేపల్లె నుంచి బాపట్ల దాకా రావాల్సి వచ్చింది.

"నాది వాత ప్రకృతండి" అంది మా ఆవిడ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

"ఎవరు చెప్పారు? మీ పాత ఫోటో ఏమన్నా ఉందా?"

వదినగారు ఫోన్లో వెతికి ఏదో శుభకార్యం ఫోటో తీశారు. అందులో మా ఆవిడ బుగ్గలు కళ్ళని మూసేస్తున్నాయి. డాక్టరమ్మ ఫోటోని, మనిషిని మార్చి మార్చి చూసింది. మెడ కింద వేళ్ళు పెట్టి మింగమంది. చేతులు ముందుకు చాపమంది. ఆ వణుకు నాకు వెనక నుంచి కూడా కనపడింది.

"అమ్మా, ఇదిగో ఈ ఫోటోలో ఉన్నది మీ ప్రకృతి. ఇప్పుడు నా ముందున్నది వికృతి. ప్రకృతి మారదు కదండి? మీరు ఇంత మారారంటే ఇది మీ స్వభావం కాదు, జబ్బు. మొదటి పాఠంలోనే చెప్తారు మాకు, ఈ రెండూ కలిపెయ్యకూడదని. నేను మందివ్వను. ముందు థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించండి. ఇవాళే." ఆ అమ్మాయి గొంతులో కోపం ఉంది. మా వదినగారు వెనక్కి తిరిగి నన్ను చూశారు.

థైరాయిడే. మితిమీరి పనిచేస్తోంది. మాత్రలతో ఒళ్ళు తిరిగి నిండింది, నిద్ర వచ్చింది, చెయ్యి నిలబడింది. గుండె మాత్రం మునుపటిలా కాలేదు. అన్నాళ్ళు అదుపు లేకుండా పరిగెత్తి లయ తప్పింది, దానికి జీవితాంతం మందులు వాడాలి, బరువులు ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు అన్నాడు గుంటూరులో డాక్టరు. ముందే తెస్తే ఇక్కడిదాకా వచ్చేది కాదు అని కూడా అన్నాడు.

గుంటూరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున బండెక్కి నేరుగా గురువుగారి ముందు నిలబడ్డాను. ఆయన ఎవరిదో ఇడ్లీ తింటున్నాడు. మొత్తం చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఆయన ఇడ్లీ ముక్క చట్నీలో అద్ది నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి అప్పుడు అన్నాడు: "అమ్మాయి ముందు లావుగా ఉండేదని నువ్వు చెప్పావా నాకు?"

"మీరు అడిగారా?"

"నేనెందుకు అడుగుతానయ్యా? పార్టీ చెప్పిందే మేం రాస్తాం. హద్దులు తప్పు చెప్పి రాయించుకుంటే అది రాయించుకున్నవాడి బాధ్యత, రాసినవాడిది కాదు. అయినా నీది కఫం కదా, ఇట్టా ఎగురుతున్నావేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఆయన చేతిలోని ఇడ్లీ కిటికీలోంచి విసిరేయాలనిపించింది. ఒక మనిషి గుండె చెడిందని చెబితే కనీసం నమలడం ఆపాలి కదా. క్షమించమని కాదు, అయ్యో అని కూడా కాదు, నమలడం ఆపితే చాలు. ఆయన ఆపలేదు. మస్తాన్ లేచి నా భుజం పట్టుకుని, "అన్నా, రా, అవతలి పెట్టెలో కూర్చుందాం" అన్నాడు. భట్టిప్రోలులో దిగి పెట్టె మారాం. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఆయన ముఖం చూడలేదు. ఆయన మాత్రం ఆ కిటికీ దగ్గరే కూర్చుని కొత్తవాళ్ళ బొటనవేళ్ళు దొర్లిస్తూనే ఉన్నాడని మస్తాన్ చెప్పేవాడు.

మస్తాన్ ఫోన్ పెట్టేశాక మా ఆవిడకి కబురు చెప్పాను. ఆమె చేస్తున్న పని పక్కన పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను.

"వాళ్ళావిణ్ణి ఒకసారి పలకరించొద్దామండి. పాపం, పెద్దావిడ."

"నీకేమన్నా మతి పోయిందా? నీ గుండె పాడుచేసినవాడి ఇంటికా? మూడేళ్ళు నిన్ను చిత్రవధ చేశాడు. సగం పుస్తకం చదివిన వెధవ. ఆడదాని మాట పూర్తి కానివ్వలేదు. చచ్చాక కూడా వాణ్ణి క్షమించను నేను."

నేను ఇంకా చాలా అన్నాను. ఆమె అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. నేను అలిసిపోయి ఆగాక, కోపం లేని గొంతుతోనే అంది.

"ఆయన నా మాట తుంచింది ఒక్కరోజండి. ఆయనకి నేనెవరో తెలీదు, అంతకు ముందు ఎట్టా ఉండేదాన్నో తెలీదు. మీకు తెలుసు కదా?"

నాకు తెలుసు. ఆ రోజు రైల్లో తెలుసు, ఆ తర్వాత మూడేళ్ళలో ప్రతిరోజూ తెలుసు. కంచం ముందు కూర్చున్నప్పుడు ఆమె ముంజేతి మీద గాజులు మోచేతి దాకా జారడం చూస్తూ పెరుగు వేయమన్నాను.

"నేనెళ్ళొస్తాను. మీరు రాకపోయినా పర్లేదు" అని ఆమె వీధి తలుపు తీసింది. మా గుమ్మానికి మూడు మెట్లున్నాయి. ఆమె ఒక్కొక్క మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని దిగింది.